45 యూనిట్ల బ్యాటరీ కారులో హైదరాబాద్ నుంచి కాశీకి: ఎక్కడ ఆగాలి, ఎంత ఎక్కించాలి, ఏవి మొరాయిస్తాయి

మీరు అడిగింది ఇది: సంక్రాంతి అయ్యాక అమ్మానాన్నలను తీసుకుని నలుగురూ హైదరాబాద్ నుంచి కాశీ వెళ్లాలి, అక్కడ తొమ్మిది నిద్రలు చేసి తిరిగి రావాలి. చేతిలో ఉన్నది 45 యూనిట్ల బ్యాటరీ ఉన్న ఎలక్ట్రిక్ కారు. దాంతో వెళ్లవచ్చా, లేక పెట్రోలు కారు అద్దెకు తీసుకోవడం మంచిదా?

వెళ్లవచ్చు. ఒకవైపు దాదాపు 1,240 కిలోమీటర్లు. మీ దారి చాలా భాగం పాత ఏడో నంబరు జాతీయ రహదారే. వారణాసి నుంచి కన్యాకుమారి దాకా ఉన్న ఆ రోడ్డుకు 2010లో నంబర్లు మార్చారు కాబట్టి ఇప్పుడు మ్యాపులో 44, 34, 30, 135 అని ముక్కలుగా కనిపిస్తుంది. పెట్రోలు కారు నడిపేవాళ్లు దీన్ని రెండు రోజుల్లో లాగేస్తారు. మీరు మూడు రోజులు పెట్టుకోండి. పెద్దవాళ్లు వెంట ఉన్నారు కాబట్టి ఎలాగూ అదే మంచిది.

ఈ ప్రయాణంలో మిమ్మల్ని ఇబ్బంది పెట్టేది బ్యాటరీ కాదు, ఛార్జర్. బ్యాటరీ ఎంత దూరం లాగుతుందో ముందే లెక్క కట్టొచ్చు. రోడ్డు పక్కన ఉన్న ఛార్జర్ మీరు వెళ్లేసరికి పనిచేస్తుందో లేదో ఎవరూ చెప్పలేరు. కాబట్టి ప్రతి మజిలీనీ "అక్కడి ఛార్జర్ పనిచేయకపోతే?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టి వేసుకోవాలి. రెండోది, రాత్రి ఎక్కడ పడుకుంటారన్నది. పడుకున్న చోట తెల్లారేసరికి 100 శాతం ఎక్కితే మర్నాటి సగం దిగులు తీరినట్టే. లాడ్జి వెతికేటప్పుడు గది అద్దె కన్నా ముందు కారు పెట్టే చోట 15 ఆంపియర్ల సాకెట్ ఉందా అని అడగండి.

ముందు లెక్క. కంపెనీ ఇలాంటి కారుకు 450, 480 కిలోమీటర్లని చెబుతుంది. అది పరీక్షశాలలో వచ్చిన అంకె, హైవేకి పనికిరాదు. 45 యూనిట్లలో వాడుకోవడానికి వచ్చేది 43 అనుకోండి. నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, ఏసీ మామూలుగా, వేగం 85–90 దగ్గర నిలకడగా ఉంటే 100 కిలోమీటర్లకు దాదాపు 14.5 యూనిట్లు తాగుతుంది. అంటే ఒక శాతానికి 3 కిలోమీటర్లు. ఈ ఒక్క అంకె గుర్తు పెట్టుకోండి, దారంతా దీనితోనే నడుస్తుంది. అద్దం ముందు తెర మీద "ఇంకా ఇన్ని కిలోమీటర్లు" అని చూపించే సంఖ్యను నమ్మకండి. అది నిన్న మీరు ఊళ్లో ఎలా నడిపారో దాన్నిబట్టి చెబుతుంది, రేపటి హైవే దానికి తెలియదు. శాతాన్నే చూడండి.

వేగం పెంచితే గాలి తోసే బలం వేగం వర్గంతో పాటు పెరుగుతుంది. 110లో నడిపితే 100 కిలోమీటర్లకు 19 యూనిట్ల దాకా పోతాయి, శాతానికి రెండుంపావు కిలోమీటర్లే వస్తాయి. 500 కిలోమీటర్ల దారిలో 110లో వెళ్తే మహా అయితే గంట కలిసొస్తుంది. కానీ అదనంగా ఖర్చయిన 22 యూనిట్లు తిరిగి ఎక్కించడానికి అరగంట, దానికోసం ఇంకో చోట ఆగి, తిప్పి, యాప్ తెరిచి, గన్ (ఛార్జర్ కేబుల్ చివర ఉండే ప్లగ్) పెట్టడానికి ఇంకో పావుగంట. చివరికి మిగిలేది పావుగంటే. ఎదురుగాలి కూడా వేగంతో సమానమే: గంటకు 20 కిలోమీటర్ల ఎదురుగాలిలో 90లో వెళ్తుంటే గాలి వరకూ మీరు 110లో ఉన్నట్టు లెక్క. కారు పైన క్యారియర్ కట్టి సామాను పెడితే పదో పదిహేనో శాతం అక్కడే పోతుంది. కాశీ నుంచి తెచ్చే గంగ చెంబులు, ఇత్తడి సామాను డిక్కీలోనే సర్దుకోండి.

ఎక్కుడు, దిగుడు కూడా చూసుకోవాలి. మనుషులతో కలిపి 1,800 కిలోల బండి 100 మీటర్లు ఎత్తు ఎక్కాలంటే అర యూనిట్ పైచిలుకు, అంటే ఒక శాతం కన్నా కాస్త ఎక్కువ ఖర్చవుతుంది. దిగేటప్పుడు అందులో సగానికి పైగా తిరిగి బ్యాటరీలోకి వస్తుంది, మొత్తం రాదు. హైదరాబాద్ 540 మీటర్ల ఎత్తున ఉంది, నాగపూర్ 310, సివనీ 610, జబల్‌పూర్ 410, కాశీ 80. వెళ్లేటప్పుడు మొత్తం మీద దిగుతూ వెళ్తారు, వచ్చేటప్పుడు ఎక్కుతూ వస్తారు. వెళ్లేటప్పుడు సరిపోయిన మజిలీ వచ్చేటప్పుడు రెండు, మూడు శాతం తక్కువ పడేది ఇందుకే.

ఇక మజిలీలు. కింది దూరాలు దాదాపుగా చెప్పినవి. మీరు ఊళ్లో ఏ మూల నుంచి బయల్దేరతారన్నదాన్ని బట్టి పది కిలోమీటర్లు అటూ ఇటూ అవుతాయి.

మొదటి రోజు నాగపూర్, 500 కిలోమీటర్లు. ఇంట్లో రాత్రి 100 శాతం ఎక్కించి తెల్లవారుజామున బయల్దేరండి. మేడ్చల్, కామారెడ్డి దాటి ఆర్మూర్ 180 కిలోమీటర్లు. 60 శాతం ఖర్చయి 40 మిగులుతుంది. ఇంకా ఉంది కదా, 220లో ఉన్న నిర్మల్ దాకా పోదామనిపిస్తుంది. చాలామంది చేసే తప్పు ఇక్కడే. నిర్మల్ చేరేసరికి 26 శాతం ఉంటుంది. అక్కడి ఛార్జర్ పనిచేయలేదనుకోండి, ముందున్న ఆదిలాబాద్ ఇంకో 80 కిలోమీటర్లు, మధ్యలో ఘాట్ రోడ్డు. 26 శాతంతో 78 కిలోమీటర్లే వస్తుంది. అందుకే ఆర్మూర్ దగ్గరే ఆగండి. అక్కడ కుదరకపోతే నిర్మల్ చేతిలో ఉంటుంది. సూత్రం ఏమిటంటే, మీరు ఆగే ఛార్జర్ చచ్చిపోయి ఉన్నా, దాని తర్వాతి ఛార్జర్‌ను పది శాతం మిగిలి ఉండగా చేరగలగాలి.

ఆర్మూర్‌లో 40 నుంచి 80 దాకా ఎక్కించండి, అర్ధగంట లోపు పని. అక్కడి నుంచి ఆదిలాబాద్ 120 కిలోమీటర్లు, 40 శాతం. 40 మిగలాలి గానీ నిర్మల్ దాటాక ఎక్కుడు ఉంది కాబట్టి 38 అనుకోండి. ఆదిలాబాద్‌లో మాత్రం 90 దాకా నింపండి. పెన్‌గంగ దాటి పాండర్‌కవడా, హింగన్‌ఘాట్ మీదుగా నాగపూర్ 200 కిలోమీటర్లు, అంటే 67 శాతం. 23తో చేరతారు. ఏదైనా తేడా వస్తే హింగన్‌ఘాట్ దగ్గర పది నిమిషాలు పెట్టుకోవచ్చు. మధ్యాహ్న భోజనం ఆదిలాబాద్‌లో పెట్టుకుంటే ఎక్కువసేపు ఆగాల్సిన చోటే తిండి కూడా అయిపోతుంది.

సాయంత్రం ఆరుకల్లా నాగపూర్ చేరండి. 23 నుంచి 100కి 33 యూనిట్లు కావాలి. కారుతో ఇచ్చిన పోర్టబుల్ ఛార్జర్ 15 ఆంపియర్ల సాకెట్ మీద గంటకు 3 యూనిట్లు ఎక్కిస్తుంది, అంటే 11 గంటలు. రాత్రి పదికి చేరి ఉదయం ఐదుకి బయల్దేరాలనుకుంటే అది జరగదు. 7.2 కిలోవాట్ల ఛార్జర్, అంటే గంటకు 7.2 యూనిట్లు ఎక్కించేది, ఉన్న హోటల్ దొరికితే ఐదు గంటలు చాలు.

రెండో రోజు నాగపూర్ నుంచి రేవా, 505 కిలోమీటర్లు. ఈ రోజే కొంచెం కష్టం. నాగపూర్ నుంచి సివనీ 130 కిలోమీటర్లు, పెంచ్ అడవి మీదుగా. జంతువులు కింద నుంచి దాటేందుకు రోడ్డును అక్కడక్కడా వంతెన మీద ఎత్తి కట్టారు, పక్కల ధ్వని, వెలుతురు ఆపే గోడలు కనిపిస్తాయి. దూరానికి 43, ఎక్కుడుకు 4, మొత్తం 47 శాతం పోతుంది. సివనీలో 53 మిగిలి ఉంటుంది. ఇక్కడ ఆగకుండా జబల్‌పూర్ పోవచ్చా అంటే, ఇంకో 140 కిలోమీటర్లకు 47 కావాలి, మిగిలేది ఆరు. వద్దు. సివనీలో 80 చేసుకుంటే జబల్‌పూర్‌కి 33తో వెళ్తారు. ఒక జాగ్రత్త: సివనీ దాటి 60 కిలోమీటర్లలో లఖ్‌నాదోన్ దగ్గర 44వ నంబరు రోడ్డు నేరుగా సాగర్ వైపు వెళ్లిపోతుంది. మీరు 34 పట్టుకుని జబల్‌పూర్ వైపు తిరగాలి. మాటల్లో పడి ఇక్కడ దారి తప్పితే పోయేది పెట్రోలు కాదు, పది శాతం ఛార్జింగ్.

జబల్‌పూర్‌లో 80. కట్నీ 95 కిలోమీటర్లు, 48తో చేరి మళ్లీ 80. అక్కడి నుంచి మైహర్ మీదుగా రేవా 140, 33తో చేరతారు. జబల్‌పూర్‌లోనే 95 దాకా నింపుకుని కట్నీలో ఆగకపోతే? రేవాకి 16తో చేరతారు, లెక్క ప్రకారం వీలవుతుంది. కానీ 80 నుంచి 95కి పట్టే సమయంలో కట్నీలో 48 నుంచి 80 అయిపోతుంది. రోజు మరీ పొడవైందనిపిస్తే మైహర్‌లో ఆగిపోండి. శారదామాత దర్శనం అవుతుంది, రోప్‌వే ఉంది కాబట్టి పెద్దవాళ్లకు మెట్ల బాధ ఉండదు. మర్నాడు మరో 70–75 కిలోమీటర్లు ఎక్కువ పడతాయి, అంతే.

మూడో రోజు రేవా నుంచి కాశీ 240. మంగవాన్, హనుమనా, మీర్జాపూర్ మీదుగా. జనవరిలో ఇక్కడ మంచు దట్టంగా ఉంటుంది. ఉదయం తొమ్మిదికి ముందు కదలకండి. నెమ్మదిగా ఎక్కే ఛార్జింగ్‌కు ఆ గంటలు కలిసొస్తాయి. హనుమనా దాటాక డ్రమండ్‌గంజ్ ఘాట్ దిగుతారు. బరువు లారీలు బ్రేకులు పట్టక అదుపు తప్పే చోటు అది, ముందూ వెనకా దూరం ఉంచుకోండి. బ్యాటరీ 100 నిండి ఉంటే దిగుడులో రీజెన్ (దిగేటప్పుడు మోటారే కరెంటు పుట్టించి బ్యాటరీలోకి పంపడం) పనిచేయదు, నిండిన బిందెలో నీళ్లు పోసినట్టే. రేవాలో నూటితో బయల్దేరినా అక్కడికి వచ్చేసరికి 70 లోపే ఉంటుంది కాబట్టి ఆ చిక్కు రాదు. కాశీ దాకా 80 శాతం, మిగిలేది 20. మీర్జాపూర్‌లో ఇరవై నిమిషాలు పెట్టుకుంటే నిశ్చింతగా నగరంలోకి వెళ్లొచ్చు. నగరంలో చివరి ఐదు కిలోమీటర్లకు గంట పట్టినా ఆశ్చర్యం లేదు.

త్రివేణీ సంగమం కూడా చూసుకోవాలంటే రేవా నుంచి సోహాగీ ఘాట్ దిగి ప్రయాగ్‌రాజ్ 130 కిలోమీటర్లు, అక్కడి నుంచి కాశీ 120. మాఘ మేళా రోజులు కాబట్టి మౌని అమావాస్య లాంటి స్నానాల తిథులు చూసుకోండి. ఆ రోజుల్లో దారులు మళ్లిస్తారు, నగరంలోని ఛార్జర్ దాకా కారు పోనివ్వరు. నగరానికి ముందే ఎక్కించుకోవాలి.

80 దగ్గర ఆపమని ఎందుకు చెబుతున్నానంటే, సెల్ నిండేకొద్దీ దాని వోల్టేజీ గరిష్ఠానికి చేరుతుంది. అప్పుడు కూడా అదే బలంతో కరెంటు తోస్తే లిథియం లోపలికి వెళ్లకుండా ఎలక్ట్రోడ్ మీద పూతలా పేరుకుంటుంది. అది జరగకుండా కారే కరెంటు తగ్గిస్తుంది. 60 కిలోవాట్ల యంత్రం మీద 10 నుంచి 80కి 40, 50 నిమిషాలు పడితే, మిగిలిన 20కి దాదాపు మళ్లీ అంతే. మీ బ్యాటరీ ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకమైతే ఇంకో సంగతి. దాని వోల్టేజీ మధ్యలో దాదాపు కదలదు కాబట్టి కారుకు తన శాతం తానే సరిగ్గా తెలియదు. వారానికోసారైనా 100 దాకా స్లో ఛార్జింగ్ పెట్టకపోతే, 12 అని చూపిస్తూ చూపిస్తూ ఒక్కసారిగా 4కి పడిపోవచ్చు. బయల్దేరే ముందు రెండు వారాల్లో రెండుసార్లు పూర్తిగా నింపి, నిండాక కూడా కాసేపు గన్ తీయకుండా ఉంచండి.

ఇక ఛార్జర్ల సంగతి.

మ్యాపులో కనిపించే గుర్తులన్నీ మీకు పనికొచ్చేవి కావు. మీ కారుకు కావాల్సింది సీసీఎస్2 అనే రకం ఫాస్ట్ ఛార్జింగ్ గన్. తొలినాళ్లలో పెట్టిన 15 కిలోవాట్ల భారత్ డీసీ-001 యంత్రాలు ఇంకా జాబితాల్లో కనిపిస్తాయి, వాటి గన్ మీ కారుకు పట్టదు. ఛార్జర్లు ఎక్కడున్నాయో చూపించే ప్లగ్‌షేర్ యాప్‌లో సీసీఎస్2 ఒక్కటే ఎంచుకుని చూడండి, గత రెండు మూడు రోజుల్లో ఎవరైనా ఎక్కించుకున్నట్టు రాశారా గమనించండి. కంపెనీ యాప్‌లో "ఖాళీగా ఉంది" అని ఉంటే దానర్థం యంత్రానికి ఇంటర్నెట్ అందుతోందనే, కరెంటు ఇస్తుందని కాదు. గంట ముందే ఆ బంకుకో హోటల్‌కో ఫోన్ చేసి, "ఈరోజు ఏ కారైనా ఎక్కించుకుందా" అని అడగండి. "పనిచేస్తుందా" అని అడిగితే అందరూ పనిచేస్తుందనే అంటారు.

దారిలో ఎదురయ్యే మూడు నాలుగు కంపెనీల యాప్‌లు ఇంట్లోనే దించుకుని, ఓటీపీ పని ముగించి, ఒక్కోదానిలో 500 రూపాయలు వేసి పెట్టండి. అడవి మధ్యలో సిగ్నల్ ఒక గీత ఉన్నప్పుడు ఆ పని జరగదు. నలుగురి ఫోన్లలో కనీసం రెండు వేర్వేరు నెట్‌వర్కులు ఉండాలి. కంపెనీ ఆర్‌ఎఫ్‌ఐడీ కార్డు (యంత్రానికి దగ్గరగా పెడితే గుర్తుపట్టేది) ఇస్తే తీసుకోండి, సిగ్నల్ లేకపోయినా చాలాచోట్ల దానితో మొదలవుతుంది.

యంత్రం దగ్గరికి వెళ్లాక తెర నల్లగా ఉన్నా, ఎర్ర లైటు వెలుగుతున్నా ముందు ఎర్రటి ఎమర్జెన్సీ బటన్ చూడండి. ఎవరో నొక్కి వదిలేసి ఉంటారు. గడియారం ముల్లు దిశలో తిప్పితే బయటికి వస్తుంది, యంత్రం తిరిగి లేవడానికి రెండు మూడు నిమిషాలు ఆగాలి. కారును పార్క్‌లో పెట్టి ఆపేసి గన్ పెట్టండి. గన్ కేబుల్ చాలా బరువు. ఆ బరువుకు గన్ కిందికి వాలి పిన్నులు పూర్తిగా కూర్చోవు, అప్పుడు యంత్రం మొదట్లో చేసే కేబుల్ పరీక్ష విఫలమై ఎర్రర్ వస్తుంది. కరెంటు పారడం మొదలయ్యేదాకా గన్‌ను చేత్తో కాస్త ఎత్తి, లోపలికి నొక్కి పట్టుకోండి. సగం "పాడైపోయిన" ఛార్జర్లు ఇలా పట్టుకుంటే పనిచేస్తాయి. గన్ పెట్టాక యాప్‌లో తడుముకుంటూ నిమిషాలు గడిపినా సమయం మించిపోయిందని తిప్పి పంపుతుంది. ముందు యాప్ సిద్ధంగా పెట్టుకుని, తర్వాత గన్ పెట్టండి. మంచు పడిన ఉదయాల్లో గన్ మొహం తడిగా ఉంటే ఇన్సులేషన్ లోపం అని చూపిస్తుంది. పొడి గుడ్డతో తుడవండి, ఏ స్ప్రేలూ కొట్టకండి.

పని మొదలైంది, కానీ 60 కిలోవాట్ల యంత్రం 25 మాత్రమే ఇస్తోంది. దీనికి కారణాలు చాలా. పక్క గన్‌కి ఇంకో కారు ఉంటే రెండూ పంచుకుంటాయి. ఆ కారు 90 దాటి ఉంటే పది నిమిషాలు ఓపిక పట్టండి, అది వెళ్లాక మీకు పెరుగుతుందేమో చూడండి. కొన్ని యంత్రాలు మధ్యలో పెంచవు, ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. లోపలి పవర్ మాడ్యూళ్లలో ఒకటి పోయి ఉండొచ్చు, దానికి మీరు చేసేదేమీ లేదు. ఇంకొకటి, యంత్రం మీద రాసిన కిలోవాట్లు దాని గరిష్ఠ వోల్టేజీకి లెక్క. మీ బ్యాటరీ 350 వోల్టుల దగ్గర ఉండి, యంత్రం 125 ఆంపియర్లకు మించి ఇవ్వలేకపోతే, వచ్చేది 44 కిలోవాట్లే. అది లోపం కాదు. చలి కూడా కారణమే. రేవాలో జనవరి ఉదయం ఎనిమిది డిగ్రీలుంటే, రాత్రంతా బయట ఉన్న బ్యాటరీ ఫాస్ట్ ఛార్జింగ్‌ను సరిగ్గా తీసుకోదు. అందుకే చలి ప్రాంతంలో సాయంత్రం చేరిన వెంటనే, బ్యాటరీ వెచ్చగా ఉన్నప్పుడే ప్లగ్ పెట్టాలి. మే నెలలో ఇదే దారిలో దీనికి తలకిందులు: విదర్భ ఎండలో మిట్టమధ్యాహ్నం బ్యాటరీ కాగిపోయి కారే కరెంటు తగ్గించుకుంటుంది.

మధ్యలో కరెంటు పోయి వస్తే ఛార్జింగ్ తనంతట తాను మళ్లీ మొదలవదు. నలుగురూ భోజనానికి వెళ్లిపోకుండా ఐదు నిమిషాలకోసారి యాప్ చూస్తూ ఉండండి. పని అయ్యాక గన్ ఊడి రాకపోతే బలంగా లాగకండి. యాప్‌లో ఆపారో లేదో చూసి, కారును లాక్ చేసి మళ్లీ అన్‌లాక్ చేస్తూ గన్‌ను ముందు లోపలికి తోసి, ఆపైన బయటికి లాగండి. అప్పటికీ రాకపోతే చేత్తో విడిపించే తాడు ఒకటి బానెట్ కిందో డిక్కీ పక్క గోడలోనో ఉంటుంది. అది మీ కారులో ఎక్కడుందో బయల్దేరే ముందే మాన్యువల్ తీసి చూసుకోండి.

లాడ్జి, ధాబా సాకెట్ల గురించి గట్టిగా చెప్పాలి. పోర్టబుల్ ఛార్జర్ పెట్టగానే ఎర్ర లైటు వెలిగితే నూటికి తొంభై సార్లు ఎర్తింగ్ లేనట్టే. అక్కడ ఎవరో ఒకరు, సాకెట్‌లో న్యూట్రల్‌ని ఎర్త్ పిన్నుకి కలిపేస్తే వెలుగుతుంది సార్ అంటారు. నిజంగానే వెలుగుతుంది. కానీ ఆ రాత్రి ఎక్కడైనా న్యూట్రల్ తీగ తెగితే మీ కారు బాడీ మొత్తం 230 వోల్టులు అవుతుంది. తెల్లవారి మంచులో తడిసిన నేల మీద నిలబడి మీ నాన్నగారు తలుపు తీస్తారు. ఎంత అవసరమైనా ఆ పని చేయవద్దు, చేయనివ్వవద్దు. ఏసీ, గీజర్, నీళ్ల మోటారు సాకెట్లకు చాలాచోట్ల సరైన ఎర్తింగ్ ఉంటుంది, అవి అడగండి. లేకపోతే ఊళ్లోని ఫాస్ట్ ఛార్జర్ మీద 80 చేసుకుని వచ్చి పడుకోండి.

ఎక్స్‌టెన్షన్ తీసుకెళ్లాలంటే మూడు తీగల రాగి కేబుల్, 4 చదరపు మిల్లీమీటర్లది, 20 మీటర్లు, రెండు చివర్లా నాణ్యమైన 16 ఆంపియర్ల ప్లగ్, సాకెట్. మామూలు డబ్బా ఎక్స్‌టెన్షన్ పది గంటల భారానికి కరిగిపోతుంది. కేబుల్‌ను చుట్ట విప్పి పరచాలి, చుట్టగా ఉంచితే వేడి బయటికి పోక లోపలి పొర మెత్తబడుతుంది. పెట్టిన అరగంటకు ప్లగ్ మీద చెయ్యి వేసి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే తీసేసి సాకెట్ మార్చండి. కరెంటు 10 ఆంపియర్లకు తగ్గించే వీలు మీ కారులో ఉంటే పాత భవనాల్లో అలాగే పెట్టండి. ఉదయం ఐదున్నరకు లాడ్జిలో గీజర్లన్నీ ఒక్కసారి వేస్తారు, ఎంసీబీ పడిపోయి ఛార్జింగ్ ఆగిపోతుంది, మీకు తెలియదు. ఆ సమయానికి ఒకసారి లేచి చూసుకోవడం మేలు. డబ్బు సంగతి రాత్రే మాట్లాడుకోండి. యూనిట్‌కి 15 రూపాయల లెక్కన ఇస్తే ఎవరూ కాదనరు.

కారులో మరచిపోయేది 12 వోల్టుల చిన్న బ్యాటరీ. పెద్ద బ్యాటరీ నిండా ఉన్నా, చిన్నది చచ్చిపోతే కారు లేవదు. తెర మీద సంబంధం లేని హెచ్చరికలు పది ఒకేసారి వస్తే అనుమానించాల్సింది దాన్నే. మూడేళ్లు దాటితే బయల్దేరే ముందు మార్చేయండి. టైర్లలో గాలి ఉదయం చల్లగా ఉన్నప్పుడు, డ్రైవర్ తలుపు దగ్గర రాసిన నిండు బరువు అంకె ప్రకారం కొట్టించాలి. కారుకి స్టెప్నీ లేకపోతే ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్, గాలి పంపు తప్పనిసరి. టైరు పక్కభాగం కోసుకుపోతే మాత్రం కిట్ పనిచేయదు. ఆగిపోయిన కారును తాడు కట్టి లాగనివ్వకండి. చక్రాలు తిరిగితే మోటారు కరెంటు పుట్టిస్తుంది, మోటారును నడిపే ఇన్వర్టర్ పోతుంది. ఫ్లాట్‌బెడ్ బండి మీదే ఎక్కించాలి, ఆ మాట సహాయానికి ఫోన్ చేసినప్పుడే చెప్పాలి.

ఎంత చూసుకున్నా ఏదో ఒక చోట 12 శాతంతో ముందు ఛార్జర్ 45 కిలోమీటర్లని తేలవచ్చు. అప్పుడు వేగం 50కి దించండి, ఏసీ, హీటరు ఆపేయండి, ఎడమ వరుసలో హజార్డ్ లైట్లతో వెళ్లండి. ఆ వేగంలో 100 కిలోమీటర్లకు 10 యూనిట్ల లోపే ఖర్చవుతుంది, అంటే శాతానికి నాలుగు కిలోమీటర్లు పైనే. చేరతారు. లారీ వెనక దగ్గరగా దూరి గాలి తప్పించుకునే ప్రయత్నం మాత్రం చేయకండి.

ఖర్చు త్వరగా చెప్తాను. 1,240 కిలోమీటర్లకు దాదాపు 180 యూనిట్లు. ఇంట్లోవి, లాడ్జిలవి కలిపి 100, ఫాస్ట్ ఛార్జర్లవి 80. దారిలో యూనిట్ 18 నుంచి 25 రూపాయల మధ్య పడుతుంది. అన్నీ కలిపి ఒకవైపు మూడు వేల పైచిలుకు. లీటరుకు 16 ఇచ్చే పెట్రోలు కారుకు ఎనిమిది వేలు దాటుతుంది. జాతీయ రహదారుల టోల్ మీకూ మామూలే, పచ్చ నంబరు ప్లేటుకు మినహాయింపు లేదు.

కాశీలో పాండే హవేలీ వైపున్న ఆంధ్రాశ్రమంలోనో, ఘాట్ల దగ్గర మరో సత్రంలోనో దిగితే కారు అక్కడి సందుల్లోకి పోదు. కారును బయట పార్కింగ్‌లో పెట్టి ఆటోలో వెళ్లాలి. తొమ్మిది రోజులు కదలకుండా ఉండే కారును 100తో వదలకండి, 10తోనూ వదలకండి. 50, 60 దగ్గర ఉంచండి. డ్యాష్‌క్యామ్ ప్లగ్ తీసేయండి, అది రాత్రింబవళ్లు పనిచేస్తే 12 వోల్టుల బ్యాటరీని ఖాళీ చేసేది అదే. నాలుగైదు రోజులకోసారి వెళ్లి పది నిమిషాలు కారు ఆన్ చేసి ఉంచండి. తిరుగు ప్రయాణానికి ముందు రోజు సాయంత్రమే 100 చేసుకోండి. రేవా దాకా ఈసారి ఎక్కుడు కాబట్టి 80 కాదు, 83 శాతం ఖర్చవుతుంది. మీర్జాపూర్‌లో వెళ్లేటప్పుడు ఆగినా ఆగకపోయినా, వచ్చేటప్పుడు మాత్రం తప్పకుండా ఆగండి.